దుకాణం అక్కడ, మేనేజరు ఇక్కడ

(మన సంక్షేమ వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డ్యూటీ దిగి స్నానం కూడా చేయకుండా బస్సెక్కి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారని తెలుసు. అందుకే ఉపన్యాసం లెక్క కాకుండా మాట్లాడుతాం. మేము అంటే మన వేదికలో ఫోన్ల పని చూసుకునే నలుగురం. మాలో ఒకరు సైట్ సూపర్‌వైజర్, ఒకరు స్టోర్ కీపర్, ఒకరు ఎలక్ట్రీషియన్, ఒకరు డ్రైవర్. ఒక సివిల్ డిప్లొమా, రెండు ఐటిఐలు, ఒక పదో తరగతి. కంప్యూటర్ చదువులు మా దగ్గర లేవు. ఈ పనికి అవి అక్కర్లేదని కూడా ఈ ఏడాది తెలిసింది.

పని ఏమిటంటే, మన ఊళ్లలోని చిన్న దుకాణాలు ఫోన్‌లో వెతికేవాళ్లకు కనపడేట్టు చేయడం.

ఇది మనకెందుకు, దుబాయ్‌లో షటరింగ్ కొట్టుకునేవాళ్లకు దుకాణాల సంగతి ఎందుకు అని కొందరు అడిగారు. చెప్తాం. మనలో ఎవరికైనా ఇంటి దగ్గర బిడ్డ పుట్టినరోజు వచ్చిందనుకోండి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని ఆపాలి కదా, ఆ టైంలో షెడ్డు కింద కూర్చుని ఫోన్ తీస్తాం. కోరుట్లలో కేక్ డెలివరీ అని కొడతాం. ముందు వచ్చేవి గిఫ్టులు పంపే పెద్ద వెబ్‌సైట్లు. వాటికి కోరుట్లలో దుకాణం ఉండదు, ఓవెన్ ఉండదు. చాలావరకు మన డబ్బు తీసుకుని, తమ వాటా పక్కకు పెట్టుకుని, ఆ ఊరి బేకరీ ఎవరితోనో చేయిస్తాయి. మన గల్లీ చివర బేకరీ ఆయన మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆయన చేసిన కేకే మన ఇంటికి పోతుంది. కానీ ఆయన నంబరు మన దగ్గర ఉండదు, ఫోన్‌లో ఎంత వెతికినా దొరకదు. మధ్యలో ఒకరు కమీషన్ తింటారు.

మన ఊరి దుకాణదారులు ఆన్‌లైన్ కస్టమర్ అంటే హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చున్న మనిషి అనుకుంటారు. సోనాపూర్ క్యాంపులో పై బెడ్ మీద పడుకున్న మనం వాళ్లకు గుర్తుకు రాం. పండగకు చీర పంపాలన్నా, అమ్మకు చెప్పులు కొనాలన్నా, ఇంటికి ఫ్యాను, మిక్సీ తెప్పించాలన్నా వెతికేది మనమే. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్, సిరిసిల్ల, అటు రాయచోటి, రాజంపేట, ఇట్లాంటి ఊళ్ల దుకాణాలకు ఇంతకన్నా నమ్మకమైన ఆన్‌లైన్ గిరాకీ ఎక్కడుంది?

రెండో సంగతి ఇంకా దగ్గరిది. ఇక్కడ పదేళ్లు, పన్నెండేళ్లు చేసి తిరిగిపోయిన మనవాళ్లు ఏం పెడుతున్నారు? బేకరీ, హార్డ్‌వేర్, మొబైల్ షాపు, టైలరింగ్, కిరాణా. మనం రేపు పోయినా అదే పెడతాం. మిగిల్చిన డబ్బంతా షట్టర్‌కు, అడ్వాన్సుకు, సరుకుకు పోతుంది. బోర్డుకు పాతికవేలు పెడతారు గానీ ఫోన్‌లో పేరు ఎక్కించడానికి అరగంట పెట్టరు. ఆరు నెలలకు గిరాకీ లేదని మళ్లీ వీసా కోసం ఏజెంటు దగ్గర నిలబడ్డవాళ్లను మేము ముగ్గురిని చూశాం. దుకాణం నడవకపోవడానికి సవాలక్ష కారణాలు ఉంటాయి, ఒప్పుకుంటాం. అందులో ఒక కారణం పైసా ఖర్చు లేకుండా పోయేదైతే దాన్ని ఎందుకు ఉంచుకోవాలి?

ఈ ఏడాది పదకొండు దుకాణాల పని చేశాం. కొన్ని సెలవు మీద పోయినప్పుడు ఎదురుగా కూర్చుని, ఎక్కువ వీడియో కాల్‌లో. చేసిన పని ఒకటే. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అని ఉంటుంది. పాత పేరు గూగుల్ మై బిజినెస్, 2021లో పేరు మార్చారు. మ్యాపులో దుకాణం పేరు నొక్కితే ఫోటోలు, ఫోన్ నంబరు, టైమింగులు, చుక్కలు కనపడతాయి చూడండి, అదే. పెట్టుకోవడానికి, ఉంచుకోవడానికి డబ్బు కట్టేది లేదు.

ముందు పిన్ను సంగతి. సైట్‌లో పనిచేసేవాళ్లకు పిన్ను విలువ వేరే చెప్పాలా? మా సైట్‌కు ఒకసారి రెడీమిక్స్ బండి వెనక గేటు దగ్గరకు పోయి నిలబడింది. ఆ గేటు మూసేసి నెల అయింది, ఫోన్‌లో పిన్ను మాత్రం అక్కడే ఉంది. ముందు గేటుకు తిరిగొచ్చేసరికి ముప్పావుగంట. సిమెంటులో నీళ్లు పడ్డ తర్వాత గంటన్నర, రెండు గంటల్లో పోసెయ్యాలి. స్లాబు మీద పదిహేను మంది వైబ్రేటర్లు పట్టుకుని బండి కోసం చూశారు. దుకాణం పిన్ను రెండు గల్లీలు పక్కకు పడినా అంతే. వచ్చేవాడు బైకు ఆపి, అటు ఇటు చూసి, పక్క దుకాణంలో కొనుక్కుని పోతాడు. మన దుకాణదారుకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

మెట్‌పల్లి దగ్గర ఒక అన్న బేకరీ ఉంది. షార్జాలో కెఫెటేరియాలో పదకొండేళ్లు చేసి, అక్కడే ఓవెన్ పని నేర్చుకుని పోయి పెట్టుకున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు. ఆయన దుకాణం మ్యాపులో అప్పటికే ఉంది, ఆయనకే తెలియదు. ఎవరో ఎక్కించారు. పిన్ను బస్టాండు వెనక ఉంది, నంబరు పాత అద్దెదారుది. ఇట్లాంటప్పుడు కొత్తది తయారు చేయొద్దు, ఒకే దుకాణానికి రెండు పేర్లు పడి చిక్కు అవుతుంది. ఉన్నదాన్నే నొక్కి, ఇది మా దుకాణమే అని అడగాలి. ఆ దారి అక్కడే ఉంటుంది.

అది నిజంగా మనదే అని గూగుల్ రుజువు అడుగుతుంది. ఒక్కొక్కరిని ఒక్కో రకంగా అడుగుతుంది. మేము చేసినవాటిలో ఎక్కువ వీడియో అడిగింది. ఫోన్‌తో తీసిన ఒకే వీడియో, మధ్యలో ఆపకుండా, కత్తిరించకుండా. రోడ్డు, పక్క దుకాణాలు, మన బోర్డు కనపడాలి. తర్వాత యజమాని తాళం తీసి షట్టర్ లేపడం, లోపల ఓవెన్, కౌంటర్ కనపడాలి. బేకరీ అన్న కొడుకు మొదటిసారి తీసిన వీడియోలో బోర్డు ఉంది, కేకులు ఉన్నాయి, తాళం తీసే ముక్క లేదు. తిప్పి పంపారు. పొద్దున దుకాణం తెరిచేటప్పుడు మళ్లీ తీయించాం, అయింది. పంపాక ఐదు పనిదినాల దాకా పట్టొచ్చు. రోజూ తెరిచి చూసి గాబరా పడొద్దు.

పేరు దగ్గర అందరూ తెలివి చూపిస్తారు. బోర్డు మీద బేకరీ పేరు ఒకటే ఉంటుంది. ఫోన్‌లో మాత్రం దాని వెనక బెస్ట్ కేక్ షాప్ ఇన్ మెట్‌పల్లి, హోమ్ డెలివరీ అని తోకలు తగిలిస్తారు. అది నియమానికి విరుద్ధం, ప్రొఫైల్ ఆపేసే ప్రమాదం ఉంది. బోర్డు మీద ఎట్లుందో అట్లనే రాయాలి. మిగతాదంతా రాయడానికి వివరణ అని 750 అక్షరాల జాగా ఇస్తారు, అందులో తెలుగులో కూడా రాయొచ్చు. రాయండి. మన ఊర్ల పేర్లు ఇంగ్లీషులో ఒకరు ఒక తీరుగా రాస్తారు. పల్లి చివర ఒకరు వై పెడతారు, ఒకరు ఐ పెడతారు. కోరుట్లను కొందరు కొరట్ల అని కొడతారు. చదువు తక్కువున్నవాళ్లు మైకు గుర్తు నొక్కి తెలుగులోనే అడుగుతారు.

ఏ రకం దుకాణం అనేది ఒకటి ఎంచుకోవాలి. దాన్ని కేటగిరీ అంటారు. ఆర్మూర్ వైపు ఒక తమ్ముని హార్డ్‌వేర్ దుకాణం ఉత్త స్టోర్ అని ఉంది. పైపులు, పెయింట్ల కోసం వెతికేవాడికి అది ఎట్లా దొరుకుతుంది? హార్డ్‌వేర్ స్టోర్ అని ప్రధానంగా పెట్టి, పెయింట్లు, ప్లంబింగ్ సామాను అదనంగా చేర్చాం. గూగుల్ చెప్పే లెక్క మూడు ముక్కలు: అడిగినదానికి దుకాణం సరిపోతుందా, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. పేరు నెమ్మదిగా వస్తుంది. సరిపోవడం అనేది మాత్రం ఈ రోజే సరిచేసుకోవచ్చు. డబ్బు కట్టి ఈ వరుసలో పైకి పోయే దారి లేదు. ప్రకటనలు వేరే, వాటి మీద స్పాన్సర్డ్ అని రాసే ఉంటుంది.

ఫోటోలు సొంతవి పెట్టండి. ఇంటర్నెట్‌లో దొరికిన మూడంతస్తుల కేకు పెట్టి, ఇంటికి వేరే కేకు పంపితే వచ్చే తిట్లు ఆ ఊరితో ఆగవు, ఇక్కడ క్యాంపు దాకా వస్తాయి. ఫోన్ కెమెరా చాలు. వెలుతురులో తీయాలి, ధర కూడా కనపడితే ఇంకా మంచిది. ధర లేని సరుకును చూసి మనలాంటివాళ్లు ఫోన్ చేయడానికే జంకుతాం.

ఇప్పుడు టైం సంగతి, మనకు బాగా తగిలేది ఇదే. ఇండియా మనకన్నా గంటన్నర ముందు. మనం బస్సు దిగి, తిని, పడుకునే ముందు ఫోన్ తీసేసరికి ఎనిమిది. అక్కడ తొమ్మిదిన్నర, షట్టర్ దించేశారు. మధ్యాహ్నం మన విరామం వాళ్లకు రెండు నుంచి నాలుగున్నర, దుకాణదారు భోజనానికి పోయి ఒక కునుకు తీసే టైం. మనం వెతికే రెండు పూటలా అవతల ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు. ఎత్తకపోతే పెద్ద వెబ్‌సైటుకు పోతాం. అందుకని ఈ దుకాణాలన్నిటికీ వాట్సాప్ బిజినెస్ పెట్టించాం. అది కూడా ఉచితమే. అందులో సరుకుల ఫోటోలు, ధరలు కేటలాగ్‌గా పెట్టుకోవచ్చు. దుకాణం మూసి ఉన్నప్పుడు దానంతట అదే వెళ్లే జవాబు రాసి ఉంచొచ్చు: పొద్దున తొమ్మిదికి తెరుస్తాం, కేకు సైజు, పేరు, ఇంటి గుర్తు రాసి పంపండి అని. బేకరీ అన్నకు ఈ ఏడాది గల్ఫ్ నుంచి వచ్చిన ఆర్డర్లలో ఎక్కువ రాత్రి పూట వచ్చినవే. పొద్దున లేచి చూసుకుని చేసుకుంటున్నాడు.

టైమింగులు పండగలకు మార్చాలి. బతుకమ్మ, దసరా రోజుల్లో రాత్రి పదకొండు దాకా తెరిచి ఉండే స్వీట్ షాపు ఫోన్‌లో తొమ్మిదికే మూసినట్టు కనపడుతుంది. పండగ టైమింగులు విడిగా రాసుకునే జాగా ఉంది. దీన్ని పట్టించుకునే తీరిక అక్కడివాళ్లకు ఉండదు. అక్కడే మనం పనికొస్తాం. ప్రొఫైల్‌కు యజమాని ఒకరు ఉండి, ఇంకొకరిని మేనేజరుగా చేర్చుకోవచ్చు. ఇక్కడ పడక మీద కూర్చుని అక్కడి దుకాణం టైమింగులు మార్చొచ్చు, ఫోటోలు ఎక్కించొచ్చు, రివ్యూలకు జవాబు రాయొచ్చు. ఈ నెలలో ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎంతమంది దారి అడిగారు అనేది కూడా చూడొచ్చు. మా స్టోర్ కీపర్ తమ్ముడు వాళ్ల బావమరిది మొబైల్ షాపును ఇట్లాగే చూస్తున్నాడు. జీతం లేదు, ఊరికి పోయినప్పుడు ఒక టెంపర్డ్ గ్లాసు ఫ్రీ.

ఆడవాళ్లు ఇంటి దగ్గర చేసే పనుల గురించి కొంచెం ఆగి చెప్పాలి. రాజంపేట వైపు ఒక మేస్త్రి తమ్ముడి భార్య ఇంట్లోనే బ్లౌజులు కుట్టి, మగ్గం వర్క్ చేస్తుంది. పని బ్రహ్మాండం. తమ్ముడు ఉత్సాహంగా ఇంటి పిన్ను, ఆమె సొంత నంబరు, ఇంటి ముందు ఫోటో అన్నీ ఎక్కించబోయాడు. మేము ఆపాం. భర్త గల్ఫ్‌లో ఉన్నాడని ఊరందరికీ తెలిసిన ఇల్లు అది. నంబరు మ్యాపులో పడితే కుట్టు గురించి కాకుండా వేరే మాటల కోసం ఫోన్ చేసేవాళ్లు ఉంటారు. మన ఇళ్లలో ఇది జరగదని అనుకోవద్దు. గిరాకీ ఇంటికి రాకుండా, పనివాళ్లే సరుకు పంపే రకం వ్యాపారానికి చిరునామా దాచిపెట్టి, ఏయే ఊర్లకు పంపుతామో మాత్రం చూపించే ఏర్పాటు ఉంది. అది వాడాం. వేరే సిమ్ తీసుకున్నారు. ఫోన్ కాల్స్ వాళ్ల అత్తమ్మ ఎత్తుతుంది, వాట్సాప్ ఆమె చూస్తుంది. కొలతకు పాత బ్లౌజు పంపమంటుంది. ఇంకొక మాట, ఏం పెట్టాలో, ఏం దాచాలో ఆ అమ్మాయిని అడిగాకే పెట్టాం. దుకాణం ఆమెది. డబ్బు పంపింది మనమే కదా అని ఇక్కణ్ణుంచి ఆర్డర్లు వేసే అన్నలు కొందరున్నారు, వాళ్లకు ఈ మాట వినపడాలనే చెప్తున్నాం.

పచ్చళ్లు, పిండివంటలు అమ్మేవాళ్లు మ్యాపు కన్నా ముందు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

రివ్యూల దగ్గర మన వేదికలోనే గొడవ అయింది, అది దాచాల్సిన పని లేదు. ఒక పెద్దన్న మంచి మనసుతోనే అన్నాడు: మనం ఇంతమందిమి ఉన్నాం, తలా ఒకటి కొడితే మనవాళ్ల దుకాణాలన్నిటికీ రాత్రికి రాత్రి ఐదు చుక్కలు వస్తాయి కదా అని. సగం మంది చప్పట్లు కొట్టారు. మేము చేయమన్నాం. కొనకుండా రాసే రివ్యూ దొంగ రివ్యూ. గూగుల్ పట్టుకుంటే వాటిని తీసేస్తుంది, దుకాణానికి కొంతకాలం కొత్త రివ్యూలు రాకుండా ఆపే వీలు కూడా ఉంది. అదంతా అటుంచండి. క్యూబ్ టెస్ట్ చేయకుండా కాంక్రీట్ బలం కాగితం మీద రాసేవాణ్ణి మన సైట్‌లో ఏమంటాం? పెద్దన్న వారం రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు, ముందు వరుసలోనే ఉన్నాడు. నిజంగా కొన్నవాళ్లు మాత్రం తప్పకుండా రాయాలి. కేకు టైంకు వచ్చిందా, పేరు సరిగ్గా రాశారా, ఇంట్లోవాళ్లు ఏమన్నారు, రెండు వాక్యాలు చాలు. బాగోలేకపోతే అదీ రాయాలి. రివ్యూ రాస్తే పదిశాతం తగ్గింపు అని ఆశ చూపడం కూడా నిషిద్ధమే.

మోసాల సంగతి. మేము గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ దుకాణం మ్యాపులోంచి తీసేస్తున్నాం, ఇంత కడితే ఉంచుతాం అని దుకాణాలకు ఫోన్లు వస్తుంటాయి. పెట్టేయండి. వచ్చిన కోడ్ ఎవరికీ చెప్పొద్దు. ఇంకో రకం ఊర్లోనే ఉంటుంది. ఒక దుకాణదారు దగ్గర ఒక ఏజెంటు ఎనిమిది వేలు తీసుకుని ప్రొఫైల్ చేశాడు, తన సొంత జీమెయిల్‌తో చేశాడు. ఏడాదికి నంబరు మార్చమంటే మళ్లీ డబ్బు అడిగాడు. దుకాణం ఒకరిది, తాళం ఇంకొకరి జేబులో. యాజమాన్యం ఇవ్వమని గూగుల్ ద్వారానే అడగొచ్చు, ఉన్నవాడికి జవాబివ్వడానికి మూడు రోజులు టైం ఇస్తారు. ఆయన విషయంలో ఇంకా నడుస్తోంది. మొదటి రోజే దుకాణదారు జీమెయిల్‌తో చేసి, పాస్‌వర్డ్ ఇంట్లో పుస్తకంలో రాసి పెడితే ఈ తిప్పలు ఉండవు.

డబ్బు పంపే దారి కూడా ఇప్పుడు సులువైంది. 2023 జనవరిలో పది దేశాల ఫోన్ నంబర్లతో ఎన్.ఆర్.ఇ., ఎన్.ఆర్.ఓ. ఖాతాలకు యూపీఐ కలుపుకోవడానికి అనుమతి ఇచ్చారు. యు.ఎ.ఇ., సౌదీ, ఖతార్, ఒమన్ ఆ పదిలో ఉన్నాయి. మీ బ్యాంకు ఈ సౌకర్యం ఇస్తుందో అడిగి, ఖాతా అందులోకి మార్చుకోండి. అప్పుడు కేకు డబ్బు మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా బేకరీకి పోతుంది. మొదటిసారి కొనే దుకాణానికి మొత్తం ముందే పంపకుండా, ఇంటి దగ్గర నుంచి ఒకరిని పంపి చూపించుకోవడం మంచిది.

ఇక్కడి దుకాణాల గురించి కూడా అడుగుతున్నారు. క్యాంపుల దగ్గర మనవాళ్లు పనిచేసే టైలర్ షాపులు, సెలూన్లు, బకాలాలు ఉన్నాయి. పద్ధతి అదే. దుబాయ్‌లో బిల్డింగుకు పది అంకెల మకానీ నంబరు ఉంటుంది, వాట్సాప్‌లో దారి చెప్పేటప్పుడు అది కూడా రాస్తే డెలివరీ పిల్లవాడికి సుఖం. అయితే రూములో వండి అమ్మే తమ్ముళ్లు, రూములో జుట్టు కత్తిరించే తమ్ముళ్లు మ్యాపులో పెట్టమని మమ్మల్ని అడగొద్దు. ట్రేడ్ లైసెన్సు లేని వ్యాపారం ఇక్కడ నేరం, వీసా పోతుంది. కూర ఎంత బాగున్నా మేము చేయం.

దుకాణం లేనివాళ్లు కూడా ఒక పని చేయొచ్చు. సెలవు రోజు మీ ఊరిని మ్యాపులో తెరిచి చూడండి. మూసేసిన దుకాణం తెరిచినట్టు ఉందా, పిన్ను చెరువులో పడిందా, మందుల షాపు అసలు లేదా. సవరణ సూచించే దారి ఎవరికైనా ఉంది, లేని చోటును కొత్తగా చేర్చొచ్చు. కచ్చితంగా తెలిసినదే రాయండి. అనుమానం ఉంటే ఇంటికి ఫోన్ చేసి అడిగి రాయండి, ఎట్లాగూ రోజూ చేస్తాం కదా.

టీ తర్వాత మేము నలుగురం వెనక టేబుల్ దగ్గర ఉంటాం. దుకాణం ఉన్నవాళ్లు బోర్డు ఫోటో, దుకాణదారు జీమెయిల్, తెరిచే మూసే టైం రాసుకుని రండి. ఇండియాలో ఇప్పుడు టైం చూసుకోండి, పదిన్నర దాటితే వాళ్లను నిద్ర లేపొద్దు, పేరు రాయించి పోండి, రేపు మధ్యాహ్నం విరామంలో మేమే ఫోన్ చేస్తాం. ఫోన్‌లో ఛార్జింగ్ ఉంచుకోండి, ఈ హాలులో రెండే ప్లగ్గులు ఉన్నాయి.